పడుకుని ఉండవలసిన రోజు

1982 జనవరి 6

మా డాక్టరమ్మ సుమిత్రమ్మ ఈరోజు ఒక కాగితాల కట్ట తెచ్చి నా బల్లమీద పెట్టింది. హైదరాబాదు నుంచి వచ్చిన నియమాలు. ఏ దవాఖానను బోధనాసుపత్రిగా గుర్తించవచ్చు, గుర్తించాక నర్సు పిల్లల చదువుకూ రోగుల తిండికీ అయిన ఖర్చు సర్కారు ఎట్లా తిరిగి ఇస్తుంది, అన్నీ అందులో ఉన్నాయి. పదకొండు పేజీలు, సైక్లోస్టైలు ఇంగ్లీషు.

"మున్షీ సాబ్, జర దీన్ని తెలుగుల రాసిపెట్టుండ్రి. కమిటీల సేట్లకు సదివి ఇనిపియ్యాలె" అన్నది.

మన తాండూరు దవాఖానను బండల వ్యాపారులు, కంది సేట్లు చందాలు వేసుకుని కట్టారు. గోడలు ఎట్లున్నా నేల మాత్రం నవాబుల మహలుకు తగ్గదు. అద్దంలాంటి నాపరాయి. ఎండాకాలం రోగులు మంచం మీద మూట పెట్టి తాము నేల మీద పడుకుంటారు. జ్వరం మందుకు తగ్గిందో బండకు తగ్గిందో ఏ రిజిస్టరూ చెప్పలేదు.

నా ఇంగ్లీషు రైల్వే టైంటేబుల్లో నేర్చుకున్నది. తెలుగు మందు సీసాల మీద, దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నాను. బడి అంటూ వెళ్ళింది నిజాం కాలంలో, ఉర్దూ నాలుగో తరగతి దాకా. అయినా సర్కారు ఇంగ్లీషులో ఒక కిటుకు పట్టుకున్నాను. వాళ్ళు మనకు ఇచ్చేచోట "ఇవ్వవచ్చును" అని ఉంటుంది. మనం వాళ్ళకు చూపేచోట "చూపవలెను" అని ఉంటుంది.

అసలు సంగతి ఇంతే. యాభై మంచాలుండాలి. తనిఖీ రోజున వాటిలో ముప్పావు వంతు, అంటే ముప్పై ఎనిమిది మంచాల మీద రోగులుండాలి. అప్పుడే మనం బోధనాసుపత్రి. అప్పుడే ఇక్కడ మంత్రసాని నర్సు చదువు చదివే ఆరుగురి సర్టిఫికెట్లు చెల్లుతాయి.

ఆ ఆరుగురిలో కొండమ్మ ఒకతె. బంట్వారం వైపు గొర్రెల కాపరుల బిడ్డ. పదేళ్ళు ఇక్కడ ఆయాగా గిన్నెలు కడిగింది. నా బల్ల పక్కన నిలబడి అక్షరాలు నేర్చింది, ప్రైవేటుగా ఏడో తరగతి గట్టెక్కింది, ఏడాది కింద ఈ చదువులో చేరింది.

తొమ్మిదో పేజీలో విశేషమేమీ లేదు.

జనవరి 9

తెలుగు చేసి ఇచ్చాను. పది పేజీలైంది. "మస్తు రాసిండ్రు" అన్నది డాక్టరమ్మ.

జనవరి 21

ఫైలు పట్టుకుని ప్యాసింజరులో వికారాబాదు వెళ్ళాను. అక్కడి ఆఫీసులో మూడు కాపీలు అడిగారు. రెండే ఉన్నాయి. మూడోది నిలబడే రాసిచ్చాను. వాళ్ళు కుర్చీ చూపించారుగాని నా మొలల బాధ తెలిసినవాళ్ళు కారు గదా. మన దవాఖానలో నా కుర్చీకి నా భార్య అలీమాబీ కుట్టిచ్చిన బొంత ఉంటుంది, మధ్యలో బొక్కతో. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీ, మూడేళ్ళుగా ఆ బొంత. ఆపరేషన్ చేయించుకోమని డాక్టరమ్మ అంటూనే ఉంది. చేసేవాళ్ళు చేస్తారు, కూర్చునేవాడికి తెలుస్తుంది.

తనిఖీ ఫిబ్రవరి పన్నెండు.

తిరిగొచ్చాక డాక్టరమ్మ ఒక పని చెప్పింది. "సారు లోపటికి వచ్చినప్పుడు పేషెంట్లు లేసి నిలబడొద్దు. పోయినేడు తహసీల్దారు వస్తే అందరు మంచాలు దిగి లైను కట్టిండ్రు, యాదికున్నదా? మీరు చెప్తె ఇంటరు. ఒక్కొక్కరికి చెప్పుండ్రి."

నిజమే. మా ప్రాంతంలో పెద్దమనిషి ముందు పడుకోవడమన్నది లేదు. నేను పద్దెనిమిదేళ్ళప్పుడు తహసీలు కచేరీలో చప్రాసీని. సాహెబు బూట్ల చప్పుడు మెట్ల దగ్గర వినబడితే వరండాలో మేం తొమ్మిదిమందీ లేచేవాళ్ళం. ఒకసారి అది సాహెబు కాదు, ఆయన బూట్లు కుట్టించి, కాళ్ళకు తొడుక్కుని తెస్తున్న చాకరివాడు. అయినా లేచాం. బూట్లయితే ఆయనవే గదా.

ఫిబ్రవరి 12

జీపు పదకొండింటికి వచ్చింది. పెద్దసారు, ఇద్దరు గుమాస్తాలు. నిన్నటి లెక్కకు యాభై మంచాలకు నలభై నాలుగు నిండి ఉన్నాయి.

సారు మగవాళ్ళ వార్డు గడపలో కాలు పెట్టాడో లేదో, ఇరవైమంది లేచారు. చేయి విరిగినవాడు లేచాడు. కామెర్లవాడు లేచాడు. సెలైను ఎక్కుతున్నవాడు సీసాను తానే ఎత్తి పట్టుకుని లేచాడు. కొండమ్మ నాయన బీరయ్య, హెర్నియా ఆపరేషనై మూడు రోజులు, ఒక చేత్తో కుట్లు పట్టుకుని, భుజాన గొంగడి వేసుకుని, మంచం దిగి నిలబడ్డాడు.

"దండం దొరా! పిల్లా జెల్లా మంచిగున్నరా?"

"నాయినా! కుట్లు! పండుకో!" అని కొండమ్మ పరుగెత్తింది.

సారు ఆమెను చూశాడు, బీరయ్యను చూశాడు. "ఈయన నీ తండ్రా?"

"అవును సార్."

"డాక్టరుగారూ," అన్నాడు సారు, "అద్దె రోగుల్ని పెట్టిన ఆసుపత్రులు చాలా చూశాను. వాళ్ళు కనీసం మూలుగుతారు. మీరు స్టాఫ్ ఇళ్ళలోంచి తెచ్చుకున్నారు, పైగా అందరూ నిలబడి క్షేమసమాచారాలు అడుగుతున్నారు."

సుమిత్రమ్మ కేసు షీట్లు చూపింది. ఆడవాళ్ళ వార్డులో సరిహద్దు అవతలినుంచి వచ్చిన కన్నడం అవ్వ సారును చూసి గౌరవంగా మంచం కిందికే దూరింది. ఆమెను బయటికి లాగేలోపల సారు కాగితం మీద రాసేశాడు: మంచాల మీద కనబడిన రోగులు ఆరుగురు.

ఆ ఆరుగురిలో ఇద్దరు నిద్రపోతున్నారు.

రోగులకు చెప్పడం నేను మరచిపోయాను.

ఫిబ్రవరి 13

మరచిపోయాను. అరవై మూడేళ్ళు. ఈ వయసులో మరపు సహజం.

ఫిబ్రవరి 15

మరచిపోయాననడం పూర్తిగా సరికాదు. పదకొండో తారీఖు సాయంత్రం చెప్దామనే వార్డుకు వెళ్ళాను. బీరయ్య తన పెద్ద పొట్టేలు కథ మొదలుపెట్టాడు. అది సంతలో అమ్ముడుపోయి, కొన్నవాడికంటే ముందు ఇంటికి వచ్చిందట. మళ్ళీ తోలుకుపోతే మళ్ళీ వచ్చిందట. మూడోసారి కొన్నవాడే వచ్చి వీళ్ళింట్లో అన్నం తిని, పొట్టేలును ఇక్కడే ఉంచుకుని ఊలు మాత్రం పంపమన్నాడట. అంత మంచి కథ మధ్యలో ఎవడు ఆపగలడు? కథ అయ్యేసరికి దీపాలు పెట్టారు. నేను ఇంటికి వచ్చేశాను.

తప్పు పొట్టేలుది.

ఫిబ్రవరి 17

బీరయ్య కుట్టు పిగిలింది. లేచి నిలబడినందుకే. మళ్ళీ కుట్టారు. ఇంకా నెలకు పైనే ఉండాలట. "పెద్దమనిషి వచ్చిండు, లేసిన, గంతే గద" అంటున్నాడు.

ఫిబ్రవరి 24

హైదరాబాదు నుంచి ఉత్తరం. గుర్తింపుకు సిఫారసు చేయడం లేదు. తొంభై రోజుల్లోపల ఒక్కసారి తిరిగి తనిఖీ చేయవచ్చును (ఇక్కడా "వచ్చును"). అదీ తప్పితే ఇంతదాకా చదివిన చదువు లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం కొండమ్మ మెట్ల మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. నేను నిలబడే ఉన్నాను, నా కారణాలు నావి.

"మిగిలిన ఐదుగురు చిన్నోళ్ళు మున్షీ సాబ్. ఇంకో దవాఖానల శురువు చేస్తరు. నాకు జులైల ముప్పై ఐదు నిండుతయి. గా తర్వాత ఎక్కడ చేర్చుకోరట."

"మళ్ళ తనిఖీ ఉన్నది గద బిడ్డా."

"ఉన్నది. మా నాయిన గూడ ఉన్నడు, మళ్ళ లేస్తడు." నవ్వింది. "గిన్నెలు కడుగుడు నాకు కొత్త కాదు లేండ్రి. గని గిప్పుడు గిన్నె మీద రాసిన అక్షరాలు గూడ కండ్ల పడ్తయి, గదే తిప్పలు."

నేను లోపలికి వెళ్ళి రిజిస్టరు తెరిచాను.

మార్చి 1

అలీమాబీతో అన్నాను, వయసైంది, మతిమరపు వచ్చింది అని. ఆమె బియ్యంలో రాళ్ళేరుతోంది. తల ఎత్తలేదు.

"మీకు మర్పా జీ? నలభై ఏండ్ల కింద మా అన్న ఇంట్ల చాయ్‌ల చక్కెర తక్కువైందని ఇయ్యాల్టికి యాద్ చేస్తరు."

సరే. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం రాస్తే కాగితం దండగ.

తొమ్మిదో పేజీలో ఇట్లా ఉంది: బోధనాసుపత్రిలో రికార్డు గుమాస్తా ఎస్.ఎస్.సి. ఉత్తీర్ణుడై ఉండవలెను. గుర్తింపు వస్తే నా కుర్చీ పోతుంది. ఆ పేజీ నేను తెలుగు చేయలేదు. పదకొండో తారీఖు సాయంత్రం రోగులకు చెప్పలేదు. పొట్టేలు కథ నాకు ముందే తెలుసు. బీరయ్య అంతకుముందు రెండుసార్లు చెప్పాడు. నేనే మళ్ళీ అడిగి చెప్పించుకున్నాను.

మార్చి 2

నిద్ర బాగా పట్టింది. ఆశ్చర్యం.

మార్చి 3

తొమ్మిదో పేజీ తెలుగు చేసి డాక్టరమ్మ బల్లమీద పెట్టాను. చూసి పక్కన పెట్టింది.

"జనవరిలనే సదివిన మున్షీ సాబ్. మీరు రాయలే, నేను అడగలే." ఫైలు మూసి, "ఇంకెవరన్న టెంత్ పాసైనోళ్ళ పేరు రాసి పంపుదమా? కుర్చీల మీరే ఉండుండ్రి" అన్నది.

"వద్దమ్మా. రిజిస్టరులో ఇరవై రెండేళ్ళుగా పేర్లు సరిగా రాసుకుంటూ వచ్చాను. నా పేరు దగ్గర తప్పు రాయించకండి" అన్నాను. అన్నాక నాకే కొంచెం గొప్పగా అనిపించింది. కుర్చీలో కూర్చున్నాక తగ్గింది.

తర్వాత కొండమ్మకు చెప్పాను. మంచాల దుప్పట్లు మడతపెడుతూ విన్నది.

"పడుకొమ్మని రోగులకు నేను చెప్పలేదు బిడ్డా. కావాలనే."

"చెప్తె?"

"చెప్తే పడుకునేవాళ్ళు."

"మీరు పట్నపోళ్ళ లెక్క మాట్లాడుతున్నరు సాబ్. నేను చెప్పిన మా నాయినకు. పదకొండు పొద్దుగాల్నే చెప్పిన. 'సారొస్తే పండుకునే ఉండు' అన్న. 'నన్ను గంత లెక్కలేనోణ్ణి చేస్తవా' అని కొట్టవచ్చిండు. మీరు చెప్పినా లేస్తుండ్రి, చెప్పకున్నా లేస్తుండ్రి."

మూడు వారాలుగా మోసిన పాపం ఇంత తేలికదా అని నేను ఊపిరి పీల్చుకునేలోపలే దుప్పటి నా చేతిలో పెట్టింది.

"గట్లని మీకు మాఫీ ఇస్తలే. మీరు కావాల్నని చెప్పలే, గది తప్పే. ఇగ ఇప్పుడు మీరే నేర్పుండ్రి వాళ్ళకు, పండుకునుడు."

మార్చి 9

లోకంలో నేర్పడానికి అన్నిటికంటే కష్టమైన విద్య పడుకోవడం.

స్టేషను రోడ్డులోని ఫోటో స్టూడియో నుంచి కోటు తెచ్చాను. ఫోటోలకు అద్దెకిచ్చే కోటు, ముందు బాగుంటుంది, వెనక గుడ్డే లేదు, నాడాలు. అది తొడుక్కుని, బూట్లు వేసుకుని, వార్డులోకి పెద్దసారులా నడిచాను. మొదటిరోజు అందరూ నవ్వారు. రెండోరోజు నన్ను గుర్తుపట్టని కొత్త రోగులు లేచారు. మూడోరోజు, నన్ను బాగా గుర్తుపట్టిన పాత రోగులు కూడా లేచారు. కోటుకు లేచామన్నారు.

"బీరయ్యా, నువ్వు రోగివి. పడుకోవడమే నీ మర్యాద."

"నువ్వు పండుకుంటవా మున్షీ సాబ్, నీ ముంగట దొరొస్తే?"

"పడుకుంటా."

"జూస్త."

మార్చి 16

నేర్చుకున్నవాళ్ళు నయమై ఇంటికి పోతున్నారు. నేర్చుకోనివాళ్ళు కొత్తగా వస్తున్నారు. బడిపంతుళ్ళ బాధ ఇప్పుడర్థమైంది. బీరయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు: గొంగడి తలదాకా కప్పుకుంటే దొర కనబడడు, కనబడకపోతే లేవాల్సిన పనిలేదు. వార్డంతా ఇప్పుడు అదే సాధన చేస్తోంది. గడపలోంచి చూస్తే భయంగా ఉంది గాని మంచాలు నిండుగా ఉన్నాయి.

మార్చి 20

తనిఖీ ఇరవై ఐదున. ఆరోజు అమావాస్య. మర్నాడు ఉగాది. అమావాస్యనాడు దవాఖానలో ఎవరుంటారు? పండగనాడు ఎవరుంటారు? ఆ తారీఖు పెట్టినవాడికి క్యాలెండరు ఉంది గాని ఊరు లేదు.

మార్చి 24

మధ్యాహ్నం నుంచి మూటలు కడుతున్నారు. కొండమ్మ, మిగిలిన ఐదుగురు పిల్లలు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ బతిమాలుతున్నారు. పండగ పచ్చడి ఇక్కడే చేసి పెడతామని డాక్టరమ్మ ప్రకటించింది. పదకొండుమంది మూటలు విప్పారు.

మార్చి 25

పొద్దున్నే లెక్క పెట్టాను. ముప్పై ఏడు.

మళ్ళీ పెట్టాను. ముప్పై ఏడు. కావలసింది ముప్పై ఎనిమిది.

కొండమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. నా బొంత వైపు చూసింది. నన్ను చూసింది.

"లేదు" అన్నాను.

"మూడేండ్ల సంది డాక్టరమ్మ చెప్తున్నది. మీ బాధ అద్దె బాధ కాదు గద? అస్సల్ది గద?"

"ఈ వయసులో..."

"మున్షీ సాబ్. పండుకోండ్రి."

సుమిత్రమ్మ పరీక్ష చేసింది. ఆ వివరాలు రాయను. కేసు షీటు రాసి, సోమవారం ఆపరేషను అని పెట్టింది. రిజిస్టరు నేనే తెరిచి నా చేత్తో నేనే రాసుకున్నాను: కరీముద్దీన్, 63, తాండూరు, మొలలు, మంచం నంబరు 38. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల పేర్లు రాశానో. సొంత పేరు రాయడం ఇదే మొదటిసారి.

బీరయ్య పక్క మంచం నాదే అయింది. వాడు గొంగడి సర్దుకుంటూ, "జూస్తనన్న గద" అన్నాడు.

పదకొండున్నరకు జీపు ఆగింది. ముందు ఆడవాళ్ళ వార్డు ముగించుకున్నారు. తర్వాత మా వరండాలో బూట్లు. నేను కళ్ళు మూసుకున్నాను. చెవులు మూసుకోలేదు. బూట్లు దగ్గరయ్యేకొద్దీ నా నడుము దానంతటదే లేవసాగింది. నేను లేపలేదు, ఒట్టు. పద్దెనిమిదేళ్ళప్పటి చప్రాసీ లోపలినుంచి లేపుతున్నాడు. రెండు చేతులతో మంచం పట్టీలు పట్టుకున్నాను. అప్పుడు కొండమ్మ తలాపున నిలబడి, భుజం మీద చెయ్యి వేసి ఒత్తి, నా నోట్లో థర్మామీటరు దూర్చింది.

వార్డులో ఒక్కరూ లేవలేదు. గొంగళ్ళు, దుప్పట్లు, నిశ్శబ్దం.

"అందరూ బతికే ఉన్నారా?" అన్నాడు సారు.

"దండం దొరా" అన్నది బీరయ్య గొంగడి, లోపలినుంచి.

సారు ఒక్కొక్క మంచం దగ్గర ఆగి, ముఖం మీద గుడ్డ తీయించి, కేసు షీటు చూసి, పెన్సిలుతో గీత గీస్తూ వచ్చాడు. రెండు వార్డులూ కలిపి ముప్పై ఏడు గీతలు. నా దగ్గర ఆగాడు.

"ఈయన్ని పోయినసారి చూశాను. రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. గుమాస్తా కదా?"

కొండమ్మ ముఖం తెల్లబోయింది. నేను థర్మామీటరు తీశాను.

"గుమాస్తానే సార్."

"మరి రోగా, గుమాస్తానా?"

"రెండూ సార్. మూడేళ్ళనుంచి ఉన్నది. నమ్మకం లేకుంటే చూపిస్తాను." పక్కకు తిరగబోయాను.

"వద్దు, వద్దు!" సారు ఒక అడుగు వెనక్కు వేశాడు. గుమాస్తాలిద్దరూ గోడ చూస్తున్నారు. సుమిత్రమ్మ దగ్గింది. సారు కేసు షీటు రెండుసార్లు చదివి గీత గీశాడు. ముప్పై ఎనిమిది.

పోబోతూ మళ్ళీ తిరిగాడు. "గుమాస్తాకు చదువెంత?"

వార్డంతా వింటోంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆమె చూపులో "చెప్పకపోయినా ఫరవాలేదు" అని ఉంది. లేచి చెప్పి ఉంటే ఏమైనా అబద్ధం వచ్చేదేమో. పడుకున్నవాడికి తడబాటు తక్కువ.

"ఉర్దూ నాలుగు సార్. తక్కినది మందు సీసాల మీద చదివాను."

రాసుకున్నాడు. నవ్వాడేమో కూడా. మీసాల వెనక తెలియలేదు.

జీపు కదిలాక దిగబోయాను. కొండమ్మ దిగనియ్యలేదు. "రిజిస్టర్ల పేరెక్కింది. సోమవారం దాక కదిలితే ఊకోను."

బీరయ్య గొంగడి తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "పండుకున్నవు లే," అన్నాడు, "గని మంచిగ పండుకోలే."

మార్చి 26

ఉగాది పచ్చడి అందరికీ గ్లాసులో ఇచ్చారు. నాకు వేపపువ్వు ఎక్కువ వచ్చింది. అలీమాబీ ఇంటినుంచి షీర్ ఖుర్మా తెచ్చింది, ఈద్ కాకపోయినా. "దవాఖానల పడ్డరు గద, గందుకు" అన్నది.

మార్చి 31

అయింది. పడుకునే రాస్తున్నాను. ఇంతకంటే ఎక్కువ రాయదలచుకోలేదు.

ఏప్రిల్ 11

బొంత లేకుండా కూర్చున్నాను. మూడేళ్ళు ఎందుకు భయపడ్డానో తెలియలేదు. ఇంత హాయి కుర్చీలో ఉంటుందని తెలిసేసరికి కుర్చీకి నూకలు చెల్లేట్టున్నాయి. నవ్వొచ్చింది, నొప్పి లేకుండా.

మే 14

ఉత్తర్వు పొద్దున వచ్చింది. మధ్యాహ్నందాకా కూర్చుని తెలుగు చేశాను, ఈసారి అన్ని పేరాలూ, గుమాస్తా చదువు గురించిన ఆరోది కూడా. ఒక కాపీ కమిటీకి, ఒకటి ఫైలుకు, ఒకటి కొండమ్మకు.

సాయంత్రం ఆమె ఆ కాపీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అలీమాబీకి వినిపిస్తానంది. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. ఆయాగా ఉన్న రోజుల్లో అక్షరానికొక ఊపిరి తీసేది. ఇప్పుడు వాక్యం చివరిదాకా ఆగకుండా పోతోంది.

"ఒకటి. తాండూరులోని సదరు దవాఖానను బోధనాసుపత్రిగా గుర్తించడమైనది. రెండు. ఈ గుర్తింపు మొదటి దరఖాస్తు తేదీకి ముందు చేరిన శిక్షణార్థులకు కూడా వర్తించును." అక్కడ ఆగి, ఆ రెండో పేరా మళ్ళీ చదివింది. మూడోసారి చూడకుండా చెప్పింది. అలీమాబీ చేతులతో ఆమె దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచింది.

మూడు, శిక్షణార్థుల భత్యం. నాలుగు, రోగుల భోజన వ్యయం తిరిగి చెల్లించు పద్ధతి. ఐదు, ప్రతి ఏటా తనిఖీ. ఐదో పేరా అయ్యాక కొండమ్మ ఒక్క క్షణం ఆగింది. కళ్ళు కాగితం మీద ఒక వరుస కిందికి, ఇంకో వరుస కిందికి వెళ్ళాయి. గొంతు సవరించుకుంది.

"ఏడు," అని చదవసాగింది. "ఈ ఉత్తర్వు వెంటనే అమలులోకి వచ్చును."

అలీమాబీకి చదువు రాదు గాని లెక్క వచ్చు. నోరు తెరిచింది. నేను చాయ్ పెట్టమన్నట్టు చెయ్యి ఊపాను. నోరు మూసుకుని లోపలికి వెళ్ళింది.

"బాగా చదివావు బిడ్డా" అన్నాను.